నాన్నగారి టీకాలు: ముందు ఫ్రిజ్ సంగతి అడగండి

ప్రశ్న: నాన్నకు 67 ఏళ్లు, షుగరు ఉంది. చెన్నై వేళచ్చేరిలో మా వీధి క్లినిక్‌లో ఫ్లూ, న్యుమోనియా టీకాలు బయట కొని తెస్తే వేస్తామన్నారు. రెండూ ఒకేరోజు వేయించవచ్చా?

వేయించవచ్చండి, చెరో చేతికి ఒకటి. షుగరు ఉందని వెనకాడకండి, షుగరు ఉంది కాబట్టే తప్పకుండా వేయించాలి. నా భయమంతా ఆ "బయట కొని తెస్తే" దగ్గరే.

టీకా 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. ఎండకు జడిసి షాపుల్లో పెట్టెను ఐసుగడ్డ మీదే పెట్టి పాలిథిన్ కవర్లో చుట్టి ఇచ్చేస్తారు. కాసేపు వేడి తగలడం కన్నా గడ్డకట్టడమే ఎక్కువ చేటు. 13 రకాల న్యుమోనియా క్రిములను అడ్డుకునే టీకాలో (దాన్నే 13 రకాలది అంటారు) మందు అల్యూమినియం లవణపు రేణువులకు అంటుకుని ఉంటుంది. ఒక్కసారి గడ్డకడితే అవి ముద్దలవుతాయి, కరిగాక మళ్లీ విడిపోవు. సిరంజి చూసి పోల్చుకోవడం కష్టం. గడ్డకట్టిన ఫ్లూ టీకా కూడా పారేయాల్సిందే. తీసుకెళ్లక తప్పకపోతే ఐస్‌ప్యాక్‌ను ఫ్రీజర్‌లోంచి తీసి, ఊపితే లోపల నీళ్లు కదిలేదాకా బయట ఉంచండి. తువ్వాలు చుట్టి, టీకాకు నేరుగా తగలకుండా థర్మాకోల్ పెట్టెలో పెట్టండి. అసలు క్లినిక్ వాళ్లే తెప్పించి ఉంచితే ఈ అవస్థే ఉండదు. అక్కడా ఫ్రిజ్‌లో థర్మామీటరు ఉందా, రోజుకు రెండుసార్లు రాస్తున్నారా అని అడగండి. పెరుగు గిన్నె పక్కన, తలుపు అరలో టీకాలు పెట్టే చోట వేయించొద్దు.

ఫ్లూ టీకా పెట్టె మీద ఏ సంవత్సరపు సీజనుదో ఉంటుంది, చూసుకోండి. రక్షణ రావడానికి రెండు వారాలు పడుతుంది కాబట్టి ఈశాన్య రుతుపవనాల వానలు మొదలయ్యేలోపే వేయించడం మేలు.

నాన్నగారి చొక్కా విప్పించండి. చొక్కాను మెడ దగ్గర కిందికి లాగి వేస్తే సూది మరీ పైన పడి కీలుకు తగలొచ్చు, అలా తగిలితే నెలల తరబడి చెయ్యి పైకి లేవకపోవచ్చు. భుజం ఎముక కొస నుంచి రెండు మూడు వేళ్ల కిందకు వేయాలి. రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే ముందే చెప్పండి: సన్న సూది వాడి, రుద్దకుండా రెండు నిమిషాలు నొక్కి పట్టాలి. తర్వాత 15 నిమిషాలు అక్కడే కూర్చోబెట్టండి.

"న్యుమోనియా టీకా వేశాం" అని చీటీ రాసిస్తే ఒప్పుకోవద్దు. టీకా పేరు, బ్యాచ్ నంబరు, తేదీ రాయించుకోండి. 13 రకాలది వేస్తే ఏడాది తర్వాత 23 రకాలది వేయించాలి, 20 రకాలదైతే అక్కర్లేదు. ఆ చీటీ లేకపోతే వచ్చే ఏడాది ఏ డాక్టరుకైనా అంచనా వేయడమే మిగులుతుంది.