మోకాలి టేపు సంగతి

గుంటూరు, బ్రాడీపేట

చిట్టితల్లీ,

వచ్చే నెల కబడ్డీ సెలక్షన్స్‌కి వెళ్తున్నావని నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. మన ఇంటి ఆడపిల్ల కూతకు వెళ్తోందంటే నాకు కడుపు నిండిపోయింది. నిద్రపోతున్న మీ పెద్దమ్మని లేపి మరీ చెప్పాను. ఆ తర్వాత నువ్వు పంపిన ఫోటో చూశాను. కుడి మోకాలి చుట్టూ నీలం టేపు, కింద "ఇది వేసుకుంటే కాలికి బలం వస్తుంది పెదనాన్నా" అని మెసేజ్. ఇక నాకు నిద్ర పట్టలేదు.

ఆ కినీసియో టేపుని 1970ల్లో జపాన్‌లో కెంజో కాసే అనే ఆయన తయారుచేశాడు. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో ఆటగాళ్ళ ఒంటి మీద కనిపించాక ప్రపంచమంతా పాకింది. సాగే నూలు గుడ్డ, వెనక జిగురు, అంతే. హాంకాంగ్‌లో 30 మందికి కళ్ళకు గంతలు కట్టి, సెన్సార్లు అంటిస్తున్నామని చెప్పి తొడకు ఈ టేపు వేశారు. ఒకసారి పద్ధతి ప్రకారం, ఒకసారి ఉత్తుత్తిగా వేసి, ఇంకోసారి అసలు వేయకుండా మిషన్ మీద కాలి బలం కొలిచారు. మూడుసార్లూ పెద్ద తేడా లేదు. 2015లో 19 పరీక్షల్ని కలిపి చూసినవాళ్ళు కూడా టేపుతో బలం పెరిగేది నామమాత్రమేనని తేల్చారు. కొందరికి నొప్పి కాస్త తగ్గినట్టుంటుంది, కాలిని ఎవరో పట్టుకున్నట్టు ధైర్యంగా ఉంటుంది. నా భయమంతా ఆ ధైర్యం గురించే.

ఆ భయం ఎందుకో ఇన్నాళ్ళూ మీ పెద్దమ్మకి తప్ప ఎవరికీ చెప్పలేదు.

నేను పీఈటీగా చేరిన రెండో ఏడు, తెనాలి దగ్గర ఓ ఊళ్ళో సంక్రాంతి టోర్నమెంటు. మా జట్టులో మంచి రైడరు పదో తరగతి పిల్లవాడు. సెమీఫైనల్లో వాడి మోకాలు మెలితిరిగింది. బయటికొచ్చి "నొప్పి" అనలేదు. "మోకాలు పక్కకి జారుతోంది మాస్టారూ" అన్నాడు. ఆ రెండు మాటల తేడా నాకప్పుడు తెలియదు. సంచిలోంచి క్రేప్ బ్యాండేజీ తీసి బిగించి చుట్టాను, పిన్ను గుచ్చాను, రెండు తట్లు తట్టి "ఇప్పుడు ఇనుములా ఉంది, పో" అన్నాను. వాడు రెండు గెంతులు గెంతి నవ్వాడు. ఫైనల్లో మూడో కూతకు వెళ్ళి, బోనస్ గీత దగ్గర గిరుక్కున తిరిగాడు. చెరకు గడ విరిచినట్టు చప్పుడు. గీత బయట ఉన్న నాకు వినిపించింది. కూత మధ్యలో ఆగిపోయింది. మేం పరిగెత్తి వెళ్ళి చూస్తే బ్యాండేజీ చెక్కుచెదరలేదు, పిన్ను కూడా ఊడలేదు.

గంతలు కట్టుకున్నవాళ్ళకి రాని బలం వాడికి ఎక్కడినుంచి వచ్చిందో ఇప్పుడు అర్థమవుతోంది. నా నోటి నుంచి వచ్చింది. వాడికిప్పుడు యాభై దాటాయి. నేను ఎదురైతే బండి ఆపి, దిగి "మాస్టారూ" అని పలకరిస్తాడు. ఏనాడూ ఒక్క మాట అనలేదు. వాడు ఆ బండి దిగడం నేను చూడలేను.

టేపు వద్దని అనను. నూనె, చెమట లేకుండా తుడుచుకుని, మూలలు గుండ్రంగా కత్తిరించి, చివరలు సాగదీయకుండా అంటించు. దురద పుడితే వెంటనే తీసెయ్.

కానీ మోకాలు వాచినా, మడిచినప్పుడు ఇరుక్కున్నా, జారినట్టున్నా, ఆ రోజు ఫైనలైనా సరే ఆట ఆపెయ్. ఆర్థో డాక్టరుకి చూపించుకో. ఇలాంటి ఆటల్లో మోకాలి లిగమెంటు తెగడం మగపిల్లలకన్నా ఆడపిల్లలకే ఎక్కువ. బలం కావాలంటే స్క్వాట్లు చెయ్యి, ఒంటికాలి మీద నిలబడు, ఎగిరి దిగేటప్పుడు మోకాళ్ళు లోపలికి వాలకుండా మెత్తగా దిగు. నెలలో వచ్చేది కొంచెమే, అయినా ఈ రోజే మొదలుపెట్టు. గుడ్డు తిననంటే ఊరుకోను.

అసలు టేపు వేయాల్సినంత నొప్పి ఎప్పటినుంచి ఉంది? అది చెప్పకుండా టేపు ఫోటో పంపుతావా పిచ్చిపిల్లా!

ఆదివారం పొద్దున్నే బస్సెక్కి విజయవాడ వస్తున్నాను. పెద్దమ్మ సున్నుండలు చేస్తోంది. నేను వచ్చేసరికి టేపు తీసేసి ఉంచు. నువ్వు మేడ మెట్లు దిగడం ఒకసారి చూడాలి.

మీ పెదనాన్న