మన కియాకు ఎలాంటి ట్రక్కు కావాలి?

ప్రశ్న: పెనుకొండ దగ్గర కియా కార్లు తయారవుతున్నప్పటి నుంచి మా ప్రాంతంలో ఆ బ్రాండ్ అంటే అందరికీ అభిమానం. ఆ కంపెనీకి మూడు కొత్త మోడళ్లు సూచిస్తూ ఉత్తరం రాయాలనుకుంటున్నాను. ఒకటి, విదేశాల్లో అమ్ముతున్న టాస్మన్ పికప్‌ను ఇక్కడే తయారు చేయడం. రెండు, సోనెట్ వెనక భాగం తీసేసి తొట్టి అమర్చిన చిన్న ట్రక్కు. మూడు, సెల్టోస్‌ను వాలు పైకప్పుతో మార్చిన క్రాసోవర్ (కారు, ఎస్‌యూవీ కలగలిసిన బండి). వీటిలో ఏది సాధ్యం? మాలాంటి పట్టు రైతులకు ఏది ఉపయోగం?
– ఒక పాఠకుడు, హిందూపురం

జవాబు: మీ మూడు సూచనల్లో చివరిది ముందుగా పక్కన పెడదాం. వాలు పైకప్పు క్రాసోవర్లుగా టాటా కర్వ్, సిట్రోయెన్ బసాల్ట్ 2024లోనే మన మార్కెట్‌లోకి వచ్చాయి. ఆ పైకప్పు వల్ల అందం పెరుగుతుందే తప్ప సామానుకు చోటు పెరగదు. కనుక మీ అవసరానికి అది దూరం.

టాస్మన్ నిజంగా బలమైన బండి. 2024 అక్టోబరులో జెడ్డా మోటార్ షోలో కియా దాన్ని తొలిసారి ప్రదర్శించింది. నిచ్చెన ఆకారపు ఛాసీ మీద కట్టిన ఈ పికప్ 3,500 కిలోల ట్రైలర్‌ను లాగగలదు. అయితే దాని పొడవు 5,410 మిల్లీమీటర్లు, అంటే పదిహేడున్నర అడుగులకు పైమాటే. శ్రీసిటీలో తయారైన ఇసుజు వి-క్రాస్ 2016 నుంచి, టయోటా హైలక్స్ 2022 నుంచి ఇక్కడ దొరుకుతున్నాయి. రెండూ మంచి బండ్లే అయినా, మార్కెట్ సందుల్లో తిప్పుకోవలసిన రైతు చేతికి అవి రాలేదు; కొండదారులు ఎక్కాలనే ఉత్సాహం ఉన్న కొద్దిమంది దగ్గరే ఆగిపోయాయి. టాస్మన్ వచ్చినా అదే వరుసలో మరొకటి అవుతుందని నా అభిప్రాయం.

సోనెట్ విషయంలో మీ ఆలోచన దిశ సరైనదే కానీ కొలతలు ఒప్పుకోవు. చిన్న కార్లకు దక్కే తక్కువ పన్ను కోసం దాన్ని 3,995 మిల్లీమీటర్లకు కుదించారు. అందులో నలుగురు కూర్చునే క్యాబిన్ ఉంచితే, వెనక మిగిలేది నాలుగు బస్తాలు కూడా సరిగా పట్టని తొట్టి. పైగా ఇలాంటి కార్లకు విడిగా ఛాసీ ఉండదు. పైకప్పు, పక్క స్తంభాలు, నేల రేకు అన్నీ కలిసి ఒకే పెట్టెలా బరువును మోస్తాయి. ఆ వెనక పైకప్పును కోసేయడమంటే మూత తీసిన అట్టపెట్టెలా బండి మెలితిరగడానికి అవకాశం ఇవ్వడమే. కోసిన చోట అదనపు ఉక్కు వేసి బలపరచక తప్పదు, దానితో బరువూ ఖర్చూ పెరుగుతాయి.

నేనైతే మీ ఉత్తరంలో ఈ రెంటి బదులు కియాదే అయిన కారెన్స్ కారు పేరు రాయమంటాను. దాని పొడవు 4,540 మిల్లీమీటర్లు, ముందు వెనక చక్రాల మధ్య దూరం 2,780 మిల్లీమీటర్లు, సీట్లు మూడు వరుసలు. మూడో వరుస తీసేసి, వెనక భాగాన్ని మరో జానెడు పొడిగిస్తే, రెండు వరుసల క్యాబిన్‌తో పాటు సుమారు నాలుగు అడుగుల తొట్టికి చోటు దొరుకుతుంది. ఇది గాలిలో కట్టిన మేడ కాదు. బ్రెజిల్‌లో ఫియట్ స్ట్రాడా అనే చిన్న ట్రక్కు ముందు భాగం కారులాంటిది, వెనక ఇరుసుకు మాత్రం లారీల్లోలాగా కమాన్ కట్టలు (ఉక్కు పట్టీల స్ప్రింగులు) ఉంటాయి. 2021లో ఆ దేశంలో అన్నిటికన్నా ఎక్కువగా అమ్ముడైన వాహనం ఆ చిన్న ట్రక్కే. కియా సోదర సంస్థ హ్యుందాయ్ కూడా తన టూసాన్ కారు ఆధారంగా శాంటాక్రూజ్ ట్రక్కును 2021 నుంచి అమెరికాలోని అలబామాలో తయారు చేసింది. అంటే ఆ విద్య వారి ఇంట్లోనే ఉంది.

ఇక పట్టు రైతు సంగతి. మీ ఊరి పట్టుగూళ్ల మార్కెట్ దగ్గర ఒక ఉదయం నేను చూసిన దృశ్యం ఇంకా కళ్లముందే ఉంది: వెనక సీట్లు మడిచిన కారులో పైకప్పు దాకా గూళ్ల సంచులు, అద్దాలన్నీ దించి ఉన్నాయి, ముందు సీట్లో రైతు భార్య ఒడిలో ఇంకో సంచి. గూళ్లు బరువు తక్కువ, చోటు ఎక్కువ అడుగుతాయి. ఒత్తిడి పడితే లోపలి పురుగు చితికి పట్టుకు మరక అంటుతుంది. గాలి ఆడకపోతే ఆవిరి పట్టి నాణ్యత పడిపోతుంది. అందుచేత మీ ఉత్తరంలో తొట్టి పొడవుతో పాటు, గాలి రంధ్రాలున్న ఎత్తైన గట్టి మూత కావాలని తప్పక రాయండి. క్యాబిన్ వెనక గోడను మడిచి తొట్టిని లోపలికి పొడిగించే ఏర్పాటు కూడా అడగండి. షెవర్లే అవలాంచ్ అనే అమెరికా పికప్‌లో ఇరవై ఏళ్ల కిందటే ఆ సౌకర్యం ఉండేది.

కంపెనీ వారు ముందుగా చూసేది పన్ను. 2025 సెప్టెంబరు 22 నుంచి అమల్లోకి వచ్చిన జీఎస్టీ రేట్ల ప్రకారం, నాలుగు మీటర్లు దాటిన కారుగా లెక్కకు వస్తే 40 శాతం, సరుకు వాహనంగా ధ్రువీకరణ పొందితే 18 శాతం. ఈ ట్రక్కు ధర రైతుకు అందుబాటులో ఉండడం, ఉండకపోవడం చాలావరకు ఈ తేడా మీదే ఆధారపడి ఉంటుంది. అందుకే దాన్ని మొదటినుంచీ సరుకు వాహనంగానే రూపొందించమని కోరండి.

ప్రశ్న: డబుల్ క్యాబ్ (రెండు వరుసల సీట్లున్న) ట్రక్కు 650 కిలోలు మోస్తుందంటే, అందులో మనుషుల బరువు కూడా కలిసి ఉంటుందా? మేము టమాటా పెట్టెలు వేసుకెళ్తాం.
– మరొక పాఠకుడు, మదనపల్లె

జవాబు: మనుషుల బరువు కలిపే లెక్క వేసుకోవాలి. ఒక్కొక్కరు 70 కిలోల చొప్పున నలుగురు ఎక్కితే 280 కిలోలు పోతాయి, తొట్టికి మిగిలేది 370. పెట్టె 25 కిలోలనుకుంటే 14 పెట్టెలు. తొట్టికి గట్టి మూత బిగిస్తే దాని బరువూ ఇందులోంచే తగ్గించాలి. అంతేకాక, ముందు చక్రాలే లాగే బండిలో బరువంతా వెనక పడితే ముందు టైర్లకు పట్టు తగ్గి, తడిసిన ఎత్తుదారిలో అవి జారతాయి. అందుచేత పెట్టెలను క్యాబిన్ గోడకు ఆనించి ముందువైపు పేర్చండి. మీ బండి ఆర్‌సీలో ఖాళీ బరువు, లోడుతో కలిపిన బరువు రెండూ రాసి ఉంటాయి. ఒకదాని నుంచి మరొకటి తీసివేస్తే మీకు అనుమతించిన మొత్తం మోత తెలుస్తుంది.