అమ్మ విసిరిన మామిడిపండు

చిరంజీవికి ఆశీస్సులు.

తల్లీ, నువ్వు పంపిన ఇంగ్లీషు కథ మూడుసార్లు చదివాను. తెనాలి ఇల్లు, బావి గట్టు, అమ్మ, నానమ్మ అందరూ కళ్లకు కట్టారు. కథ గురించి నాకు దిగులు లేదు. దిగులంతా భూతకాల క్రియల పక్కన నువ్వు పెట్టిన బుల్లి మాటల గురించే.

అమ్మ చెట్టు కింద నుంచుని నీకు మామిడిపండు విసిరే చోటు చూడు. "త్రూ ఎ మ్యాంగో ఎట్ మి" అని రాశావు. ఎట్ అంటే అమ్మ నిన్ను గురిచూసి కొట్టిందనే అర్థమొస్తుంది. నువ్వు పట్టుకోవాలని విసిరింది కాబట్టి అక్కడ టు ఉండాలి. షౌటెడ్ సంగతీ ఇంతే. "షౌటెడ్ ఎట్ మి" అంటే నామీద అరిచింది, "షౌటెడ్ టు మి" అంటే దూరాన్నుంచి నన్ను కేకేసింది. "నామీదికి విసిరింది", "నాకు విసిరింది" అన్న తేడా తెలుగులో నీకు ఎవరూ నేర్పక్కర్లేదు. ఇంగ్లీషులోనూ ఆ తేడా ఉంది. కాకపోతే మనకు మాట వెనక వచ్చేది వాళ్లకు మాట ముందు వస్తుంది.

"డిస్కస్డ్ అబౌట్ ది మ్యారేజ్" అని రెండుచోట్ల రాశావు. ఇది ఎక్కడినుంచి వస్తుందో నాకు చాలా ఏళ్లకు గానీ తెలియలేదు. బడిలో వల్లెవేసిన విభక్తులు గుర్తు తెచ్చుకో: నిన్, నున్, లన్, కూర్చి, గురించి, ద్వితీయా విభక్తి. మన వ్యాకరణంలో 'గురించి' కర్మను చెప్పే విభక్తి. "పెళ్లి గురించి చర్చించారు" అనగానే అది అబౌట్ అయి కలంలోకి దిగిపోతుంది. కానీ డిస్కస్డ్ తన కర్మను నేరుగా అందుకుంటుంది, మధ్యలో ఏమీ అక్కర్లేదు. స్టేషన్‌కి చేరాం అన్న 'కి' వల్లే "రీచ్డ్ టు ది స్టేషన్" పుడుతుంది. నా తొలి ఇంగ్లీషు కథలో ఆ టు మీద ఒక సంపాదకుడు ఎర్రగీత గీశారు, కారణం మాత్రం చెప్పలేదు. అందుకే నీకు కారణంతో సహా చెబుతున్నాను. రీచ్డ్‌కి ఏదీ వద్దు. అరైవ్డ్‌కి మాత్రం కావాలి: స్టేషన్ అయితే ఎట్, ఊరయితే ఇన్.

ఇప్పుడు నాకు బాగా ఇష్టమైన సంగతి. నానమ్మ "కేమ్ అవుట్ ఆఫ్ ది కిచెన్, లింపింగ్" అని రాశావు. తప్పు కాదు, కానీ అది తెలుగు నడక. "కుంటుకుంటూ వంటింట్లోంచి బయటికొచ్చింది" అంటాం మనం. ఎలా కదిలిందో '-కుంటూ'లో పెడతాం, ఎటు కదిలిందో చివరి క్రియకు అప్పగిస్తాం. ఇంగ్లీషు ఆ రెండు పనులనూ తిప్పి పంచుతుంది. కదిలిన తీరు క్రియలోకి వెళ్తుంది, దారి చూపే పని బుల్లి మాటకు దక్కుతుంది: "లింప్డ్ అవుట్ ఆఫ్ ది కిచెన్." లెనార్డ్ టాల్మీ అనే అమెరికన్ భాషాశాస్త్రవేత్త 1980లలో ప్రపంచ భాషల్లో ఈ పంపకాన్నే వివరంగా పరిశీలించారు. నాన్న గది ముందు నుంచి మునివేళ్ల మీద నడుచుకుంటూ వెళ్లిన రాత్రిని నువ్వు రెండు వాక్యాల్లో చెప్పావు. "టిప్‌టోడ్ పాస్ట్ ఫాదర్స్ రూమ్" అని చూడు. ఊపిరి బిగబట్టి దాటినట్టు లేదూ?

ఇన్, ఇంటు గురించి ఎక్కువ చెప్పను, మన 'లో', 'లోకి' తేడాయే. "ర్యాన్ ఇన్ ది హౌస్" అంటే ఇంట్లోనే పరుగులు పెట్టింది, "ర్యాన్ ఇంటు ది హౌస్" అంటే ఇంట్లోకి పరిగెత్తింది. మనుషుల ముందు వస్తే మాత్రం "ర్యాన్ ఇంటు" అంటే అనుకోకుండా ఎదురుపడటం.

కాలం దగ్గర ఒక్కచోట మనసు చివుక్కుమంది. "వి లివ్డ్ ఇన్ తెనాలి ఫర్ టెన్ ఇయర్స్" అన్నావు. అది "పదేళ్లు ఉన్నాం" అనడం, అంటే ఇప్పుడు లేరని. కథలో మీవాళ్లు ఇంకా ఆ ఇంట్లోనే ఉన్నారు కదా! "పదేళ్లుగా ఉంటున్నాం" అనాలంటే "హావ్ లివ్డ్" కావాలి. మన 'గా' చేసే పని అక్కడ హావ్ చేస్తుంది.

క్రియను ఒంటరిగా నేర్చుకోకు తల్లీ. లుక్డ్ అని నోట్‌బుక్‌లో రాసుకుంటే ఏమీ మిగలదు. లుక్డ్ ఎట్ అంటే చూసింది, లుక్డ్ ఫర్ అంటే వెతికింది, లుక్డ్ ఆఫ్టర్ అంటే కనిపెట్టుకుని చూసుకుంది. పక్కమాటతో సహా, నువ్వు చదివిన వాక్యాన్ని వాక్యంగానే ఎత్తి రాసుకో, పైకి చదువుకో. ఏ మాట ఏ మాటను పిలుస్తుందో చెవికే తెలియాలి, సూత్రాలు అంత దూరం రావు.

రెండో ప్రతి తీరిగ్గా పంపు. మామిడిపండు వాక్యం మాత్రం ఇవాళే దిద్దు. మీ అమ్మ అది చదువుతుందన్నావుగా.

ఆశీస్సులతో.