కరక్కాయ కషాయంతో టీబీ తగ్గుతుందా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది చంద్రగిరి దగ్గర పల్లె. మా నాన్నకు 54 ఏళ్లు, బరువు 46 కిలోలు. తెమడ పరీక్షలో ఊపిరితిత్తుల టీబీ అని తేలింది. ప్రభుత్వ ఆసుపత్రిలో ఇచ్చిన మాత్రలు రోజుకు మూడు చొప్పున 20 రోజులుగా వేసుకుంటున్నారు. రక్తం తక్కువుందని ఐరన్ మాత్ర కూడా రాశారు. కరక్కాయలోని టానిన్లు టీబీ క్రిములను చంపుతాయని పరిశోధనల్లో తేలిందంటూ వాట్సాప్‌లో వచ్చింది. అది చూసి మా మామ రోజూ పరగడుపున కరక్కాయ కషాయం తాగిస్తున్నాడు. మాత్రలు కూడా దాంతోనే మింగిస్తున్నాడు. మెల్లగా మాత్రలు తగ్గించి కషాయంతో సరిపెట్టవచ్చా?
– ఒక పాఠకుడు, తిరుపతి జిల్లా

జవాబు: మాత్రలు ఒక్క రోజు కూడా మానొద్దు. మాత్రలతో కషాయం ఇవ్వడం మాత్రం రేపటి నుంచే ఆపండి.

టానిన్ అంటే వగరు. కరక్కాయ ముక్క కొరికితే నాలుక బిగుసుకుపోయినట్టు అవుతుంది కదా, లాలాజలంలోని ప్రొటీన్లను టానిన్ పట్టి ముద్ద కట్టేయడం వల్లే అలా అవుతుంది. తంగేడు చెక్కతో తోళ్లు పదును చేసేదీ ఈ గుణంతోనే. గాజు పళ్లెంలో పెంచిన టీబీ క్రిమి మీద ఈ సారం పోస్తే దాని ఎదుగుదల తగ్గడం నిజమే. క్రిమి ప్రొటీన్లను టానిన్ పట్టేస్తుంది, దానికి కావాల్సిన ఇనుమునూ లాగేసుకుంటుంది. చిక్కంతా అక్కడే ఉంది. ఎదుట ఏ ప్రొటీన్ ఉన్నా పట్టుకునే పదార్థం కాబట్టి, ఏ ఎంజైము (అదీ ప్రొటీనే) మీద పరీక్షించినా పనిచేసినట్టే కనిపిస్తుంది. అందుకే మొక్కల్లో మందు వెతికేవాళ్లు చాలాసార్లు పాలీఅమైడ్ లాంటి పదార్థంతో టానిన్లను ముందే తీసేసి, మిగిలిన సారాన్ని పరీక్షిస్తారు.

తాగిన కషాయం ఊపిరితిత్తిదాకా చేరాలి కదా. నాన్నగారి మాత్రలో ఉండే టీబీ మందు ఐసోనియాజిడ్ అణుభారం 137. టానిక్ ఆమ్లానిది దాదాపు 1,700. పరిమాణం ఒక్కటే అడ్డు కాదు, అదే మాత్రలోని మరో మందు రిఫాంపిసిన్‌ది కూడా 823. కానీ అది కొవ్వులో కరుగుతుంది, పేగు గోడ దాటి, క్రిమి దాక్కున్న కణంలోకీ దూరుతుంది. టానిన్ పేగులోనే తిండిలోని ప్రొటీన్లకు అతుక్కుపోతుంది. మిగిలింది పేగులోని సూక్ష్మజీవుల చేతిలో చిన్న ముక్కలై వేరే పదార్థంగా రక్తంలోకి వెళ్తుంది, అదీ కొద్దిగానే. పళ్లెంలో క్రిమిని ఆపిన పదార్థం ఊపిరితిత్తిలోని పుండును ఆ రూపంలో చేరదు. ప్రకృతి నుంచి మందు రాదని నా ఉద్దేశం కాదు. రిఫాంపిసిన్‌కు మూలం మట్టిలో బతికే సూక్ష్మజీవే. అయితే అది మనుషుల మీద పరీక్షలు దాటాకే మాత్రగా మారింది.

ఇనప మూకుడులో కరక్కాయ కాచి చూడండి, కషాయం సిరాలా నల్లబడుతుంది. పూర్వం కరక్కాయ, అన్నభేది (ఇనుము ఉండే లవణం) కలిపి సిరా చేసింది ఇలాగే. నాన్నగారు మింగే ఐరన్ మాత్రకూ కడుపులో ఇదే గతి పడుతుంది, ఇనుము ఒంటికి పట్టదు. చిక్కటి టీతోనూ ఇదే ఇబ్బంది. పైగా కరక్కాయ విరేచనం చేయిస్తుంది. విరేచనాలు పట్టుకుంటే టీబీ మందులు కూడా సరిగా ఒంటబట్టవు.

కాబట్టి రోజు ఇలా గడవాలి. ఉదయం 6 గంటలకు పరగడుపున మూడు మాత్రలూ ఒకేసారి మామూలు నీళ్లతో వేసుకోవాలి. గంట తర్వాతే టిఫిన్, టీ. ఐరన్ మాత్ర మధ్యాహ్నం భోజనం అయిన రెండు గంటలకు నిమ్మరసం నీళ్లతో. దానికి ముందూ తర్వాతా రెండు గంటలు టీ వద్దు. దగ్గుకి కరక్కాయ ముక్క బుగ్గన పెట్టుకునే అలవాటుంటే సాయంత్రం పెట్టుకోవచ్చు. కషాయం, చూర్ణం మాత్రం చికిత్స పూర్తయ్యేదాకా వద్దు. కామెర్లు కనిపిస్తే అవి మాత్రల వల్లా, కషాయం వల్లా అని తేల్చలేక మంచి మందునే ఆపాల్సి రావచ్చు.

35 నుంచి 49 కిలోల వారికి మూడు మాత్రలు సరైన మోతాదే. ఒక్కో మాత్రలో ఐసోనియాజిడ్ 75, రిఫాంపిసిన్ 150, పైరజినమైడ్ 400, ఇథాంబుటాల్ 275 మిల్లీగ్రాములు ఉంటాయి. ఇవి 56 రోజులు వాడాక, పైరజినమైడ్ లేని మూడు మందుల మాత్ర 112 రోజులు. బరువు 5 కిలోలు పెరిగి 50 దాటితే మోతాదు మారుతుంది, తప్పక చెప్పండి. మూడు నాలుగు వారాలకే జ్వరం, దగ్గు తగ్గుతాయి. మానేసేవాళ్లు ఎక్కువగా అప్పుడే మానేస్తారు. ఈ క్రిమి ఒకటి రెండు కావడానికే దాదాపు ఒక రోజు పడుతుంది. మందగించి పడుకున్నవి ఇంకా లోపల మిగిలే ఉంటాయి. అరకొర మందు తిన్న వాటిలోంచే మందులకు లొంగని మొండి టీబీ పుడుతుంది.

మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం శానటోరియం (టీబీ రోగులను ఉంచి చూసే ఆసుపత్రి) 1915 నాటిది. టీబీకి మందులే లేని ఆ కాలంలో గాలి, విశ్రాంతి, తిండే చికిత్స. 1956లో మద్రాసులో మొదలైన పరీక్షల్లో, ఇరుకిళ్లలో అరకొర తిండితో ఉన్నవాళ్లు కూడా మందులు వాడి, శానటోరియంలో ఉన్నవాళ్లతో దాదాపు సమానంగా కోలుకున్నారు. అలాగని తిండి చిన్న విషయం కాదు. రాగిలోనూ టానిన్ ఉంటుందని సంగటి మానాల్సిన పని లేదు. మొలకెత్తించిన రాగి పిండిలో అది తగ్గుతుంది. సంగటితో పాటు పప్పు, చెనక్కాయల ఊరిబిండి, రోజూ ఒకటి రెండు గుడ్లు పెట్టండి. టీబీ రోగుల తిండి కోసం ప్రభుత్వం ఇచ్చే నిక్షయ్ పోషణ్ కింద నెలకు రూ.1,000 బ్యాంకు ఖాతాలో పడుతుంది, పడుతోందో లేదో చూసుకోండి. ఇంట్లో మిగతావాళ్లు, ముఖ్యంగా అయిదేళ్లలోపు పిల్లలు పరీక్ష చేయించుకోవాలి. షుగర్ పరీక్ష కాకపోతే నాన్నగారికి అదీ చేయించండి.

మూత్రం నారింజ రంగులో వస్తే భయపడొద్దు, అది రిఫాంపిసిన్ రంగు. పగటి వెలుతురులో కంటి తెల్లగుడ్డు చూడండి. అది పచ్చబడినా, తిండి సహించక వాంతులు అవుతున్నా ఆ రోజు మాత్రలు వేయకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లి లివర్ పరీక్ష చేయించండి. ఎరుపు, ఆకుపచ్చ రంగుల తేడా తెలియకపోయినా, చూపు మసకబారినా అదే రోజు వెళ్లాలి. అరికాళ్లలో తిమ్మిర్లు వస్తే పిరిడాక్సిన్ మాత్ర ఇస్తారు, టీబీ మాత్రలు ఆపక్కర్లేదు.