పాత స్లాషర్: బాగు చేయించాలా, కొత్తది కొనాలా?

ప్రశ్న: ట్రాక్టరుకు తగిలించి పత్తి కట్టె నరికే ఐదడుగుల స్లాషర్ కొని ఎనిమిదేళ్లయింది. గేరుబాక్సు కింద నూనె కారుతోంది, సీటు దాకా అదురుతోంది, పైరేకు ఒక మూల చిరిగింది. బ్లేడ్లు, పీటీవో షాఫ్టు (ట్రాక్టరు నుంచి స్లాషర్‌ను తిప్పే ఇరుసు) క్రాసులు (దాని కీళ్ల ముక్కలు), బేరింగులు, సీళ్లు, వెల్డింగు అన్నీ కలిపి మెకానిక్ 28 వేలు అడుగుతున్నాడు. కొత్తది 90 వేలట. ఏం చేయమంటారు?
– ఒక రైతు, సిరొంచ తాలూకా, గడ్చిరోలి జిల్లా

జవాబు: ఆ 28 వేలలో దేనికెంతో ముందు విడివిడిగా రాయించుకోండి. బ్లేడ్లు, వాటి బోల్టులు, క్రాసులు అరగడానికే ఉన్నవి. కొత్తది కొన్నా వాటి ఖర్చు తప్పదు. తేల్చుకోవాల్సింది గేరుబాక్సు, పైరేకుల సంగతే.

ఇంజను ఆపి, తాళం జేబులో వేసుకుని, పీటీవో షాఫ్టు విప్పాకే కింద చేయి పెట్టండి. స్లాషర్‌ను పైకెత్తి పట్టే ట్రాక్టరు హైడ్రాలిక్‌ను నమ్మొద్దు, నాలుగు మూలలా కట్టె మొద్దులు పెట్టండి. బ్లేడ్లు తీసేసి, అవి తగిలించే అడ్డపట్టీని కొసల దగ్గర పట్టుకుని పైకీ కిందికీ ఊపండి. లొటలొటలాడితే బేరింగు విప్పించి దాని బయటి చుట్టు చూడండి. దాని మీద మెరిసే గీతలు గుండ్రంగా పడి ఉంటే బేరింగు గూట్లోనే తిరిగిందని, గూడు అరిగిందని అర్థం. అలాంటి గూట్లో పంచ్‌తో గాట్లు కొట్టి కొత్త బేరింగు బిగిస్తారు, అది సీజను కూడా నిలవదు. గూడు బాగుంటే మాత్రం ఇది చిన్న పనే.

నూనె కారకుండా ఆపే సీలు కూర్చునే చోట షాఫ్టు మీద గోరు అడ్డంగా పోనివ్వండి. గాడిలో తట్టుకుంటే కొత్త సీలూ కారుతుంది. తాడు, తీగ, పత్తి నార షాఫ్టు మొదట్లో చుట్టుకుని సీలును కోసేస్తుంటాయి. గేరుబాక్సు పైనున్న గాలి రంధ్రం దుమ్ముతో మూసుకుపోయినా లోపలి వేడిగాలి నూనెను బయటికి తోస్తుంది. ముందు ఆ రంధ్రం శుభ్రం చేసి చూడండి, పైసా ఖర్చుండదు. కారుతోంది కదా అని గ్రీజు కుక్కొద్దు. గేర్లు దాన్ని పక్కకు నెట్టేసి పొడిగా తిరుగుతాయి. నూనెలో ఇనుప రజను మెరుస్తుంటే పళ్లు అరుగుతున్నట్టే, అప్పుడు గేర్లు జతగానే మార్చాలి.

పైరేకు అంచు చిరగడం పెద్ద సమస్య కాదు. గేరుబాక్సు కూర్చున్న చోట నెర్రెలు ఇచ్చిందా, బోల్టు రంధ్రాలు కోలగా సాగాయా అన్నది చూడాలి. రేకు మందంగా ఉంటే అడుగున పట్టీ వేసి అతికించవచ్చు. వెల్డింగు పెట్టగానే చిల్లు పడేంత పలచబడితే ఆ రేకు ఇక పనికిరాదు. వెల్డింగు మిషను ఎర్త్ క్లాంపు అతికే చోటికి దగ్గరగా తగిలించమనండి, లేకుంటే కరెంటు బేరింగుల గుండా పోయి వాటిని పాడుచేస్తుంది.

అదురుకు ఎక్కువగా బ్లేడ్ల బరువులో తేడానే కారణం. ఒకటి విరిగినా జతగా, సమాన బరువున్నవే వేయండి. వెల్డింగు చేసిన బ్లేడు వాడొద్దు, విరిగితే తూటాలా ఎగురుతుంది.

గేరుబాక్సు ఒక్కటే పోయి రేకు గట్టిగా ఉంటే పూర్తి గేరుబాక్సు మార్పించండి. రెండూ పోతే 28 వేలు కూడా దండగే, కొత్తది కొనండి. కొనేముందే మహారాష్ట్ర ప్రభుత్వ మహాడీబీటీ పోర్టల్‌లో దరఖాస్తు చేసి పూర్వ మంజూరు తీసుకోండి. చిన్న, సన్నకారు, ఎస్సీ, ఎస్టీ, మహిళా రైతులకు 50 శాతం, మిగతావారికి 40 శాతం సబ్సిడీ గరిష్ఠ పరిమితికి లోబడి ఉంటుంది. ఈలోగా కట్టెను చేలో నిలబెట్టొద్దు, మిగిలిన ఎండుకాయల్లో గులాబీ పురుగు దాక్కుంటుంది. అద్దె మిషనుతోనైనా నరికించేయండి.