మన ఉమ్మడి చిత్తూరు జిల్లాకు పేపరు వచ్చిన దారి: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

తిరుపతి నుంచి: మా జేజినాయన కాలంలో తెలుగు పేపరు మద్రాసు నుంచి వచ్చేదంట. తెలుగు పేపరు మద్రాసులో అచ్చు కావడమేంటి? తిరుపతిలో అచ్చు ఎప్పుడు మొదలైంది?

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా చిత్తూరు జిల్లాకు రాజధాని మద్రాసే. అచ్చు యంత్రాలు, టెలిగ్రాఫ్ వార్తలు, ప్రకటనలిచ్చే కంపెనీలు అన్నీ అక్కడే ఉండేవి. కాశీనాథుని నాగేశ్వరరావు ఆంధ్రపత్రికను 1908లో బొంబాయిలో వారపత్రికగా మొదలుపెట్టి, 1914 ఏప్రిల్ 1న మద్రాసు నుంచి దినపత్రికగా తెచ్చారు. ఆయనే పెట్టిన అమృతాంజనం రాబడి అండగా ఉండబట్టి అది నిలదొక్కుకుంది. కొద్ది నెలలకే మొదటి ప్రపంచ యుద్ధం రావడంతో రోజూ వార్త చదవాలనే ఆత్రం జనంలో పెరిగింది. 1938 ఆగస్టు 15న రామ్‌నాథ్ గోయెంకా ఆంధ్రప్రభను కూడా మద్రాసులోనే మొదలుపెట్టారు. తొలి సంపాదకులు ఖాసా సుబ్బారావు. 1942 నుంచి 1959 దాకా నార్ల వెంకటేశ్వరరావు సంపాదకులుగా ఉన్నారు.

మన జిల్లాకు ఇది కలిసొచ్చిన ఏర్పాటు. రైలు దారిలో మద్రాసు నుంచి రేణిగుంట 150 కిలోమీటర్ల లోపే. కోస్తా మధ్య జిల్లాల కంటే మనమే అచ్చాఫీసుకు దగ్గర.

రాష్ట్రం వచ్చాక పత్రికలు విజయవాడ దారి పట్టాయి. 1959లో ఆంధ్రప్రభ ప్రచురణను మద్రాసు నుంచి విజయవాడకు మార్చే విషయంలో యాజమాన్యానికీ కార్మికులకూ తగాదా వచ్చి, సమ్మె జరిగి, వ్యవహారం సుప్రీంకోర్టు దాకా పోయింది. 1960 జూలై 1న నార్ల సంపాదకత్వంలో ఆంధ్రజ్యోతి విజయవాడలోనే పుట్టింది. పత్రికలు తెలుగు నేలకు చేరుకున్నాయని చరిత్రలో సంబరంగా రాస్తారు. రాష్ట్రం మొత్తానికి అది నిజమే. కానీ విజయవాడ నుంచి తిరుపతికి రైలు దారి 380 కిలోమీటర్లకు పైనే. తెలుగు పత్రిక సొంత గడ్డకు వచ్చిందన్న ఆ రోజుల్లోనే చిత్తూరు జిల్లా పాఠకుడికి అచ్చాఫీసు దూరమైంది. ఈ సంగతికి పత్రికల చరిత్రల్లో తగిన చోటు దొరకలేదనే మా అభిప్రాయం.

ఆ దూరాన్ని తగ్గించింది ఊరూరా ఎడిషన్ పెట్టే పద్ధతి. ఈనాడు 1974 ఆగస్టు 10న విశాఖపట్నంలో మొదలై, 1975లో హైదరాబాదుకు, 1978లో విజయవాడకు, 1982లో తిరుపతికి వచ్చింది. తేడా తెలియాలంటే బ్రహ్మోత్సవాల గరుడసేవను చూడండి. వాహనం కదిలేది రాత్రి. అచ్చు దూరాన ఉంటే, రైలు అందుకోవడానికి సాయంత్రమే పేజీలు కట్టేయాలి కాబట్టి ఆ వార్త మర్నాటి పేపరులోకి ఎక్కదు, మూడో రోజుకు పాతబడిపోతుంది. ఊళ్లోనే అచ్చయితే తెల్లారేసరికి ఫొటోతో సహా గుమ్మంలో ఉంటుంది. రాజకీయంగా కూడా అది వేడిమీదున్న సమయం. 1982 మార్చి 29న తెలుగుదేశం పుట్టింది. 1983 జనవరి ఎన్నికల్లో ఎన్టీఆర్ గెలిచిన రెండు స్థానాల్లో తిరుపతి ఒకటి.

చిత్తూరు నుంచి: ట్రంకు పెట్టె అడుగున పాత పేపరు ముక్క దొరికింది. తేదీ ఉన్న చోటు చిరిగిపోయింది. ఏ కాలానిదో తెలుసుకునే మార్గముందా?

ఉంది. చాలాసార్లు రెండు మూడేళ్ల తేడాలోకి తేవచ్చు. ముందు వార్తను పక్కనపెట్టి ప్రకటనలు, ధరలు, చిరునామాలు చదవండి. అణాల్లో ధర ఉంటే 1957కు ముందుదయ్యే అవకాశం ఎక్కువ. ‘నయాపైసలు’ అని ఉంటే 1957 ఏప్రిల్‌కూ 1964 జూన్‌కూ మధ్యది. ‘నయా’ పోయి ఉత్త ‘పైసలు’ ఉంటే ఆ తర్వాతది. అంగడి ప్రకటనలో చిత్తూరు పక్కన 517001 అనో తిరుపతి పక్కన 517501 అనో పిన్‌కోడ్ ఉంటే 1972 ఆగస్టు 15కు ముందుది కానే కాదు.

తర్వాత పరిపాలన మాటలు. మన ప్రాంతం ‘మద్రాసు రాష్ట్రం’లో ఉన్నట్టు రాస్తే 1953 అక్టోబరుకు ముందుది. ‘ఆంధ్ర రాష్ట్రం’ అంటే అక్కణ్నుంచి 1956 నవంబరు 1 దాకా. అన్నిటికన్నా పనికొచ్చే గుర్తు తాలూకా, మండలం. 1985లో మండలాలు వచ్చాయి, పంచాయతీ సమితుల స్థానంలో మండల పరిషత్తులు 1987లో వచ్చాయి. ‘పంచాయతీ సమితి అధ్యక్షుడు’ అని పదవి పేరుతో వార్త ఉంటే అంతకుముందుది, ‘మండలాధ్యక్షుడు’ అని ఉంటే తర్వాతది. జనం నోట్లో తాలూకా అన్న మాట ఏళ్ల తరబడి నిలిచింది. అందుకని ప్రకటనల్లోని తాలూకాను నమ్మొద్దు, అధికారి హోదాను నమ్మండి. మద్రాసు, చెన్నై మాటల విషయంలోనూ ఇదే జాగ్రత్త కావాలి. పేరు మారింది 1996లో అయినా అలవాటు వెంటనే మారలేదు.

పంచాంగం ముక్క మిగిలి ఉంటే మీ అదృష్టం. సంవత్సరం పేరు, తిథి, వారం మూడూ కలిస్తే తేదీ దాదాపు ఖాయం. సంవత్సరం పేరొక్కటే చాలదు, అరవై ఏళ్లకు మళ్లీ వస్తుంది. ఆంధ్రపత్రిక దినపత్రిక అయిన 1914 ఏప్రిల్, ఈనాడు పుట్టిన 1974 ఆగస్టు రెండూ ఆనంద నామ సంవత్సరంలోవే. అదే తేదీ అదే వారానికి 5, 6 లేదా 11 ఏళ్లకోసారి వస్తుంది కాబట్టి, పైన చెప్పిన ధరల గుర్తులతో కలిపి చూస్తే చాలాసార్లు ఒకే ఏడు మిగులుతుంది.

ఇక కాగితం వెనక వేలితో తడమండి. సీసపు అక్షరాలతో అచ్చయినదైతే అక్షరం నొక్కుకున్న గుర్తు వెనక్కి ఉబ్బి తగులుతుంది. వత్తులు వరుస తప్పి ఉండటం, మధ్యలో వేరే సైజు అక్షరం దూరడం చేతి కంపోజింగ్ (అక్షరాలను చేత్తో కూర్చడం) గుర్తులు. ప్లేటు మీది సిరాను రబ్బరు పొర ద్వారా కాగితం మీద వేసే ఆఫ్‌సెట్ అచ్చులో కాగితం రెండు వైపులా నునుపుగా ఉంటుంది. దీన్నిబట్టి ఏడాది మాత్రం తేల్చకండి. పెద్ద పత్రికలు ఆఫ్‌సెట్‌కు మారాక కూడా చిన్న ఊళ్ల పత్రికలు చాలాకాలం సీసంతోనే నెట్టుకొచ్చాయి.

పలమనేరు నుంచి: ఒకే తేదీ, ఒకే పేపరు. మా ఊళ్లో కొన్నదాంట్లో ఉన్న వార్త తిరుపతి బంధువుల పేపరులో లేదు. ఎందుకిలా?

ఒకే రాత్రి ఒకే యంత్రం మీద వేర్వేరు పేపర్లు అచ్చవుతాయి కాబట్టి. దూరపు ఊళ్ల కట్టలు ముందు బయల్దేరాలి, అందుకే కుప్పం వైపు వెళ్లే కాపీలు ముందు తిప్పుతారు. తర్వాత యంత్రం ఆపి, మార్చాల్సిన పేజీల ప్లేట్లు తీసి కొత్తవి బిగిస్తారు. రంగుల పేజీ ఒకటి మారిస్తే నీలం, ఎరుపు, పసుపు, నలుపు నాలుగు ప్లేట్లూ మార్చాలి. తిరుపతి నగరం కాపీలు ఆఖరున తిప్పుతారు. అందుకే అర్ధరాత్రి వార్త తిరుపతి పేపరులో ఉంటుంది, పలమనేరులో ఉండదు. పలమనేరు సంత వార్త మీ పేజీలో ఉంటుంది, నగరం వాళ్లకు అక్కర్లేదని ఆ పేజీలో వేయరు.

జిల్లా పేజీల విస్తరణ 1989లో ఈనాడు చిన్న సైజు జిల్లా అనుబంధాలు మొదలుపెట్టడంతో ఊపందుకుంది. పెద్ద పేజీని సగానికి మడిచిన సైజు అది. పెద్ద పేపరులో ప్రకటన ఇచ్చుకోలేని బట్టలంగడి, ట్యూషన్ సెంటరు తక్కువ రేటుకు అందులో ఇవ్వగలిగాయి. ఆ రాబడి కోసం ప్రతి మండలంలో వార్తలు పంపే మనిషి కావాల్సి వచ్చింది. కంట్రిబ్యూటర్లు అలా పెరిగారు. వాళ్లలో చాలామందికి జీతం ఉండదు, అచ్చయిన వార్త కొలతను బట్టి ‘లైన్ అకౌంట్’ ఇస్తారు. ఊరి వార్తకు గౌరవం తెచ్చింది వాళ్లే. ఏళ్ల తరబడి ఆ కొలత లెక్కతోనే బతకాల్సి రావడం అన్యాయం.

ఆ తర్వాత రంగుల పోటీ వచ్చింది. 2008 మార్చి 23న సాక్షి ఒకేరోజు 23 ఎడిషన్లతో, అన్ని పేజీలూ రంగుల్లో మొదలైంది.

పరిశోధన చేసేవాళ్లకు ఇందులో ఒక చిక్కుంది. పత్రిక పేరు, తేదీ మాత్రమే రాసుకుంటే రేపు ఇంకొకరికి ఆ వార్త దొరకదు. ఎడిషన్ పేరు, జిల్లా పేజీ అయితే ఏ జోన్‌దో (ఏ ఊళ్ల కోసం వేసిందో), పేజీ సంఖ్య కూడా రాసుకోండి.

శ్రీకాళహస్తి నుంచి: మా ఊళ్లో ఒకప్పుడు నడిచిన చిన్న పత్రిక చరిత్ర రాయాలని ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలి? పాత సంచికలు ఎక్కడ చూడొచ్చు?

ఆఖరి పేజీ అడుగున ఉండే సన్నక్షరాల వరుసతో మొదలుపెట్టండి. 1867 నాటి ప్రెస్ చట్టం ప్రకారం ముద్రాపకుడు, అచ్చైన చోటు, యజమాని, సంపాదకుడి వివరాలు వేయాల్సి ఉండేది. 2024 మార్చి 1 నుంచి ఆ చట్టం స్థానంలో 2023 నాటి కొత్త చట్టం అమల్లోకి వచ్చింది. 1956 జూలైలో పత్రికల రిజిస్ట్రారు కార్యాలయం ఏర్పడ్డాక రిజిస్ట్రేషన్ నంబరు కూడా వచ్చింది. పాత నంబర్లలో గీత తర్వాతి రెండంకెలు ఏడాది. కొత్తవాటిలో ‘ఏపీటీఈఎల్’ పక్కన ఏడాది పూర్తిగా ఉంటుంది. అది రిజిస్టరైన ఏడాది, మీ చేతిలోని సంచిక ఏడాది కాదు. సంపుటి సంఖ్యను వెనక్కి లెక్కేసి పుట్టిన ఏడాది తీసేటప్పుడూ పొరపాటు జరుగుతుంది. ఎడిషన్ మొదలైన రోజు నుంచి సంపుటిని కొత్తగా లెక్కపెట్టే పత్రికలున్నాయి.

యాజమాన్యం ఎప్పుడు చేతులు మారిందో తెలియాలంటే ఏటా మార్చి మొదటి సంచిక వెతకండి. ఫిబ్రవరి ఆఖరి తర్వాత వచ్చే మొదటి సంచికలో ‘ఫారం 4’ ప్రకటన వేయాలని పాత చట్టం కింద నిబంధన ఉండేది. ప్రచురణకర్త, సంపాదకుడు, వాటాదారుల పేర్లు చిరునామాలతో అందులో ఉంటాయి. పదేళ్ల ఫారం 4లు వరుసగా పెట్టుకుంటే పత్రిక ఎవరి చేతిలోంచి ఎవరి చేతికి పోయిందో తేటగా తెలుస్తుంది.

సంచికల కోసం మనకు దగ్గర్లోని పెద్ద దిక్కు చెన్నై కన్నెమరా గ్రంథాలయం. అచ్చైన పుస్తకాల ప్రతులు గ్రంథాలయాలకు పంపాలన్న 1954 చట్టానికి 1956లో చేసిన సవరణ ప్రకారం దినపత్రికలు కూడా పంపాల్సిన నాలుగు గ్రంథాలయాల్లో అదొకటి, కలకత్తా జాతీయ గ్రంథాలయం మరొకటి. చట్టం ఉన్నా చిన్న పత్రికలు క్రమంగా పంపలేదు, ఖాళీలుంటాయి. 1918లో పుట్టిన వేటపాలెం సారస్వత నికేతనం పాత పత్రికలకు పేరుపొందింది. ప్రెస్ అకాడమీ స్కాన్ చేయించిన పాత పత్రికలు ఉన్నాయి. తిరుపతిలో వేంకటేశ్వర విశ్వవిద్యాలయం గ్రంథాలయం, చిత్తూరులో జిల్లా కేంద్ర గ్రంథాలయం అడగండి. వెళ్లేముందు ఫోన్ చేసి బైండు సంపుటాలు చూపిస్తారో లేదో కనుక్కోండి.

పాత ఏజెంట్లు, కంపోజిటర్లు దొరికితే ‘ఆ రోజులెలా ఉండేవి’ అని అడగొద్దు. కట్ట ఏ బండిలో వచ్చేది, ఎన్ని కాపీలు, అమ్ముడుకానివి వెనక్కి తీసుకునేవాళ్లా, డిపాజిట్ ఎంత, ఏ ఫారం (అచ్చుకు బిగించే అక్షరాల పేజీ) ఎవరు కట్టేవాళ్లు అని అడగండి. ఏజెంటు ఇంట్లో పాత ఖాతా పుస్తకం ఉంటే అంతకన్నా మంచి ఆధారం దొరకదు.

మదనపల్లె నుంచి: పాత పేపర్లు పచ్చబడి ముట్టుకుంటే విరుగుతున్నాయి. లామినేషన్ చేయించవచ్చా?

వద్దు. లామినేషన్ వేడికి కాగితం ఇంకా దెబ్బతింటుంది, మళ్లీ ఊడదీయడం కుదరదు. న్యూస్‌ప్రింట్ చెక్కను నూరి తీసిన గుజ్జుతో చేసింది. అందులో మిగిలిన లిగ్నిన్ అనే చెక్క పదార్థం వెలుతురుకు, గాలికి పచ్చబడి, ఆమ్లం పెరిగి, కాగితం పెళుసెక్కుతుంది. సెల్లోటేపు కూడా వేయకండి. కొన్నేళ్లకు దాని జిగురు గోధుమ రంగు మరకై అక్షరాలను మింగేస్తుంది. చిరుగుల్ని సన్నని టిష్యూ కాగితం, గోధుమ స్టార్చి గంజితో వెనకవైపు నుంచి అతికించాలి.

మడతపడి బిగిసినదాన్ని బలవంతంగా విప్పొద్దు. మూతున్న ప్లాస్టిక్ డబ్బాలో ఒక మూల తడి స్పాంజి పెట్టి, పేపరుకు తగలకుండా కొన్ని గంటలు ఉంచితే తేమకు మెత్తబడుతుంది. రాత్రంతా వదిలేస్తే బూజు పడుతుంది. తీశాక బ్లాటింగ్ కాగితాల మధ్య బరువు పెట్టి ఆరనివ్వండి.

వెంటనే స్కాన్ చేయండి. అంగుళానికి 400 చుక్కలకు తగ్గొద్దు, ఉత్త నలుపు తెలుపు మోడ్ వద్దు. అందులో వత్తులు, సన్న గీతలు మాయమై ‘ప’కూ ‘వ’కూ తేడా తెలియదు. ఫైలు పేరులో పత్రిక, ఎడిషన్, ఏడాది, నెల, తేదీ, పేజీ ఈ వరుసలోనే పెట్టండి. అసలు కాగితాన్ని నేల మీద కాకుండా బీరువాలో, మడవకుండా, ఆమ్లం లేని కాగితాల మధ్య పరిచి ఉంచండి. చెదలు, సిల్వర్‌ఫిష్ పట్టకుండా వానాకాలం ముందు ఒకసారి, తర్వాత ఒకసారి తెరిచి చూడాలి.

పుత్తూరు నుంచి: కావాల్సిన వార్త మాత్రం కత్తిరించి ఫైల్లో పెట్టుకోవచ్చా?

పేజీ మొత్తం ఉంచండి. వెనకున్న ప్రకటన, పక్కనున్న ధరల పట్టికే రేపు ఆ వార్త తేదీ తేల్చేది. కత్తిరించక తప్పదంటే ముందు పూర్తి పేజీ రెండు వైపులా స్కాన్ చేసి, ముక్క అంచున పెన్సిలుతో పత్రిక, ఎడిషన్, తేదీ, పేజీ రాయండి. పెన్ను సిరా వద్దు, న్యూస్‌ప్రింట్‌లో పాకుతుంది.