ఎలుక గిన్నెలో ఏం మిగిలిందో చూడండి

ప్రశ్న: డాక్టర్ గారూ, మా అమ్మాయి పోరితే రెండు తెల్లెలుకల్ని తెచ్చాం. రెండూ ఆడవే, 8 నెలలవి. షాపతను ఇచ్చిన గింజల మిక్స్ పెడితే పొద్దుతిరుగుడు గింజలు, పల్లీలు ఏరుకు తిని మిగతాది వదిలేస్తున్నాయి. పాపం ఆకలేస్తుందేమోనని పెరుగన్నం, బిస్కెట్లు కూడా పెడుతున్నాను. ఒకటి 310 గ్రాములుంది, రెండోది 460కి వచ్చింది. ఏం పెట్టమంటారు?
– ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి

జవాబు: వాటికి ఆకలి కాదమ్మా, గారాబం ఎక్కువైంది. మన పిల్లలు ఉప్మాలో జీడిపప్పు ఏరుకున్నట్టే అవీ ఏరుకుంటున్నాయి. కొవ్వున్న గింజలు కడుపులోకి, జొన్నలు, సజ్జలు చెత్తబుట్టలోకి పోతున్నాయి. మీరు గిన్నె నింపిన కొద్దీ ఏరుకోవడం ఇంకా సులువవుతుంది.

నేను చదువుకునే రోజుల్లో కాలేజీ యానిమల్ హౌస్‌లో ఎలుకలకు పెట్టింది గోధుమరంగు పెల్లెట్లే, అంటే దినుసులన్నీ పిండి చేసి నొక్కిన మేత ముక్కలు. చూస్తే కట్టెముక్కల్లా ఉండేవి. కానీ ప్రతి ముక్కలో అన్నీ కలిసే ఉంటాయి కనక ఏరుకోవడానికి వీలుండదు. మీరూ ఎలుకల పెల్లెట్లే కొనండి. ప్యాకెట్ మీద ప్రోటీన్ 14–16 శాతం ఉంటే చాలు. కుందేళ్ల మేత అంటగడతారు, అది వద్దు. ఒక్కోదానికి రోజుకు 15–20 గ్రాములు, సాయంత్రం పెట్టండి. అవి రాత్రి తిరిగే ప్రాణులు కదా.

ఒక్కరోజులో మార్చేయకండి. ఎలుకకు వాంతి చేసుకోవడం చేతకాదు. అందుకే కొత్త తిండిని అనుమానంగా చూస్తుంది, కొంచెం కొరికి ఆగిపోతుంది. పాత మిక్స్ తగ్గిస్తూ, పెల్లెట్లు పెంచుతూ వారం పది రోజులు పట్టనివ్వండి. అలిగిందని బిస్కెట్ ఇచ్చారో, మళ్లీ మొదటికే వస్తారు.

పెల్లెట్లకు తోడు రోజూ కొంచెం కూరగాయలు: తోటకూర ఆకు, కీర ముక్క, ఉడికించిన బఠాణీలు నాలుగు. వారానికోసారి వేలిగోరంత ఉడికిన గుడ్డు. పెరుగన్నం మానక్కర్లేదు, ఉప్పు లేకుండా అర చెంచా ఎప్పుడైనా పెట్టండి. పచ్చి రాజ్మా, చాక్లెట్ మాత్రం దగ్గరికి రానివ్వకండి.

పల్లీల గురించి ఒక మాట. ఈసారి బోను కడిగేటప్పుడు మూలన పరిచిన కాగితం ముక్కలు ఎత్తి చూడండి, దాచుకున్న పల్లీలు దొరుకుతాయి. వానాకాలం వాటికి బూజు పడుతుంది. ఆ బూజులో అఫ్లాటాక్సిన్ అనే విషం ఉండొచ్చు, ఎలుక కాలేయం దాన్ని తట్టుకోలేదు. నా దగ్గరికొచ్చే ఎలుకల యజమానుల్లో ఈ మూల చూసినవాళ్లు తక్కువ. పల్లీ ఇవ్వాలనిపిస్తే ఒక్కటి, మీ అమ్మాయి చేతిలోంచి, అక్కడే తినేలా.

460 గ్రాముల దాన్ని వంటింటి త్రాసు మీద వారానికోసారి తూచి క్యాలెండర్‌లో రాయండి. పస్తు పెట్టకండి, మెల్లగా దిగితే చాలు. లావెక్కిన ఆడ ఎలుకల్లో రొమ్ము కణుతుల భయం ఎక్కువ. తూచేటప్పుడే చంకల కింద, పొట్ట పక్కన వేలితో తడిమి చూడండి. శనగగింజంత గడ్డ తగిలినా వచ్చే వారం చూద్దామనుకోకుండా డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి.